టేకాకు కింద బేరం, సాలెదారం మీద బేరం

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు పశువుల దళారి పెద్ద మస్తాను. గిద్దలూరు వైపు సంతల్లో ఎద్దుల బేరాలు కుదిర్చేవాడు. తువ్వాలు కింద చెయ్యి పెట్టి, వేళ్ళు నొక్కి ధర చెప్పే పాత పద్ధతి ఆయనది. ఒకసారి పని మీద ఒంగోలు పోయి, షేర్ల ఆఫీసు అద్దంలోంచి లోపలికి చూశాడు. తెర మీద ఎర్ర అంకెలు, పచ్చ అంకెలు పరిగెత్తుతున్నాయి. అరుపు లేదు, తువ్వాలు లేదు, కొనేవాడి మొహం అమ్మేవాడు చూడటం లేదు. బేరాలు మాత్రం అయిపోతున్నాయి. తిరిగొచ్చి, "ఇదేదో కంప్యూటరు వచ్చాక పుట్టిందనుకుంటున్నారు. నల్లమలలో జంతువులు ఎప్పుడో చేశాయి" అని ఈ కథ చెప్పాడు. నేను విన్నది విన్నట్టు చెబుతున్నా. నడుమ ఎవరైనా "అలా కాదేమో" అంటే నాకు నచ్చదు.

నల్లమల నడుమ ఒక కొండచరియ. దానికి వేలాడుతూ పెద్ద తేనెపట్టు. ఒక వేసవిలో కార్చిచ్చు వచ్చి పట్టంతా కరిగిపోయింది. మళ్ళీ కట్టుకోడానికి తేనెటీగలకు ఓపిక చాలలేదు. రాణీగ అడవంతా కబురు పెట్టింది. "మాకు సాయం చేసినవాళ్ళకి మైనపు బిళ్ళ ఇస్తాం. బిళ్ళ ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు మా పట్టులో వాటాదారులు. ప్రతి పూతకాలం బిళ్ళకి ఒక దొప్పెడు తేనె."

కొందరు చరియకు పట్టిన మసి గోకారు. కొందరు కందిరీగల్ని తరిమారు. తేనె దోచుకోడానికి బారులు తీరిన చీమల్ని మాత్రం అలుగు ఒక్కతే తిని పెట్టింది. ఒంటినిండా పెంకులు, మూరెడు నాలుక, ఆ నాలుక మీదికి మాట మాత్రం రాదు. అంత సిగ్గరి. దానికి ఎనిమిది బిళ్ళలు వచ్చాయి.

ఎలుగుబంటి సాయానికి పిలిస్తే రాలేదు. తేనె అంటే ప్రాణం, పని అంటే నిద్ర. ఇప్పుడు దానికి బిళ్ళలు కావాలి. కావలసినవాడు ఉన్నాడు, అవసరం పడి అమ్ముకునేవాళ్ళు ఉన్నారు. అంతే, సంత పుట్టింది.

సంత మద్దిచెట్టు కింద చదును బండ మీద. ఎవరి అరుపు వాళ్ళది. "బిళ్ళ ఉంది, బిళ్ళ!" అని ఒకడు, "నాకు కావాలి, నాకు!" అని ఇంకొకడు. ఆ అరుపుల నడుమ దర్జాగా కూర్చునేది నక్క. అడవికంతటికీ అదే దళారి. ముందు ఒక పెద్ద టేకాకు పరిచేది. బేరమంతా ఆ ఆకు కిందే. కాలు పెట్టాలి, నక్క ఎన్నిసార్లు నొక్కితే అన్ని గవ్వలు.

"ఆకు ఎందుకు మామా?" అని అడిగితే, "ధర పైకి తెలిస్తే దిష్టి తగులుతుందిరా" అనేది.

ఎడమ చేత్తో కుందేలు కాలు పట్టుకుని మూడు నొక్కేది. అదే ఆకు కింద కుడి చేత్తో ఎలుగు పంజా పట్టుకుని ఏడు నొక్కేది. ఆకు తీసేసరికి కుందేలూ, ఎలుగూ ఇద్దరూ నవ్వుకుంటూ లేచేవాళ్ళు. నడుమ నాలుగు గవ్వలు ఎటు పోయాయో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ముళ్ళపంది ఒక్కదానితోనే నక్క ఎప్పుడూ బేరం పెట్టుకోలేదు. ఎందుకో నేను చెప్పక్కర్లేదు.

ఆకు కింద బేరానికి ఒక కట్టుబాటు ఉంది. తువ్వాలు కింద బేరానికీ అదే. మొదటి నొక్కుడు ఎప్పుడూ ఉత్తుత్తిదే. చెయ్యి వదిలేస్తే బేరం లేనట్టు. చేతులు బయటికి తీసి అరచేతిలో అరచెయ్యి చరిస్తేనే ఖరారు. ఈ కట్టుబాటుతో నక్క ఆడే ఆట ఒకటుండేది. అమ్మవచ్చినవాడి చెయ్యి పట్టుకుని పన్నెండు నొక్కి, వదిలేసి పక్కకి పోయేది. వాడికి పన్నెండు మీద ఆశ పుట్టేది. ఇక ఎవరు ఐదిస్తామన్నా, ఆరిస్తామన్నా వినడు. కొనేవాళ్ళు విసిగి ఇళ్ళకు పోయేవాళ్ళు. పొద్దువాలేవేళకి నక్క తీరిగ్గా వచ్చి, "రెండిస్తా, ఇస్తావా?" అనేది. ఇచ్చేవాడు.

ఒక ఏడాది వానలు దగ్గర పడ్డాయి. అలుగు బొరియ వాగు ఒడ్డున ఉంది. కిందటి ఏడు నీళ్ళు బొరియ సగందాకా వచ్చాయి. అప్పుడు అది ఒంటరిది, ఎలాగో ఈదుకుని బయటపడింది. ఈసారి తోక మీద పిల్ల ఉంది. కొండ వాలున ఉడుము తాతకి మంచి పొడి బొరియ ఉంది.

"నలభై గవ్వలు," అంది ఉడుము. "చరియ మీద వేరే చోటు చూసుకున్నాను కాబట్టి ఇస్తున్నా. తొలివాన పడేలోపు తెస్తే నీది. తేకపోతే ముంగిస అడుగుతోంది. తరవాత నన్ను తిట్టుకోవద్దు."

అలుగు బిళ్ళలు మూట కట్టుకుని సంతకి వచ్చింది.

"నక్క మామా," అంది నేల చూస్తూ. "బిళ్ళలు అమ్మాలి."

"ఏందమ్మాయ్? వినబళ్ళా! ఇది సంతా, నీ పెళ్ళిచూపులా? నోరు తెరిచి చెప్పు!"

అలుగు సగం ముడుచుకుంది. "బిళ్ళలు... ఎనిమిది."

"కాలు పెట్టు."

పెట్టింది. నక్క మూడు నొక్కింది.

"మూడేనా మామా? ఎలుగు ఇంకా ఎక్కువే ఇస్తోందని..."

"ఎవరన్నారు?" నక్క బండ అదిరిపోయేలా అరిచింది. "ఎవరా అన్నది? పేరు చెప్పు! నా మీద చాడీలు చెప్పే మొనగాడెవడో నేనూ చూస్తాను!"

అలుగు మొత్తం ముడుచుకుని బంతైపోయింది. పిల్ల లోపల ఎక్కడో పడింది.

నక్క చుట్టూ చూసింది. "అందరూ చూశారుగా. ముడుచుకుందంటే ఒప్పుకున్నట్టే."

"ఒప్పుకున్నట్టే, ఒప్పుకున్నట్టే!" అంది కొమ్మ మీది కాకి. నక్క తినగా మిగిలింది కాకిదే, అందుకని దాని మాటకి ఈ తాళం.

అలుగు మెల్లగా విప్పుకునేసరికి మూటలో ఒక బిళ్ళ తక్కువైంది. పక్కన మూడు గవ్వలు పడి ఉన్నాయి. "ఇవాళ ఒకటి చాల్లే. మిగతా ఏడూ వచ్చే సంతకి తీసుకురా. అప్పటికి మబ్బులు పడతాయి, నీ మనసూ కుదుటపడుతుంది" అని నక్క నవ్వింది.

అందరూ వెళ్ళాక చెట్టు మీంచి ఒక దారం దిగింది. దారం చివర సాలీడు.

"ఏడుస్తున్నావా?" అంది.

"లేదక్కా."

"నేనైతే ఏడుస్తున్నా. పొద్దున్న కట్టిన గూడు చూడు. ఆ కాకి రెక్కలకి, ఆ నక్క అరుపులకి మళ్ళీ చిరిగింది. ప్రతి సంతకీ ఇదే బతుకు. నీ బిళ్ళ ఎంతకి పోయింది?"

"మూడుకి."

"ఎలుగుకి ఏడుకి అంటగట్టింది నక్క. నా దారం ఒకటి ఆ ఆకుకి అంటుకుని ఉందిలే. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు నా కాలికింద వణుకుతుంది. నాకు తెలియని బేరం ఈ బండ మీద లేదు."

కొందరు ఇక్కడ సాలీడు అలుగు మీద జాలిపడి ఇప్పుడు చెప్పబోయే పని చేసిందంటారు. తప్పు. గూడు చిరుగుతోందని చేసింది. జాలి తరవాత వచ్చింది. మస్తాను ఈ మాట నాకు రెండుసార్లు నొక్కి చెప్పాడు.

మరుసటి సంతకి సాలీడు చేసింది చాలా చిన్న పని. తన గూడు నడుమనుంచి కిందికి ఒక దారం వేలాడదీసింది. ఆకు కింద ఎన్ని నొక్కుళ్ళకి బేరం అయితే అన్ని గింజలు ఆ దారానికి గుచ్చింది. కొన్నవాడు ఇచ్చింది ఎర్ర గురివింద గింజలతో, అమ్మినవాడికి ముట్టింది నల్ల కుంకుడు గింజలతో. అంతే. బేరం ఎప్పటిలా నక్కదే. ధర మాత్రం అందరి కళ్ళ ముందుకు వచ్చింది.

ఎలుగు తల పైకెత్తి చూసింది. మళ్ళీ చూసింది.

"ఒరే నక్కా, ఎర్రవి ఏడున్నాయి. నల్లవి నాలుగే ఉన్నాయేందిరా?"

"అది పురుగు బావా. దానికి లెక్కలేం తెలుసు?"

"కుందేలూ, నీకెంత ముట్టింది?"

"నాలుగు, ఎలుగన్నా."

"నేనిచ్చింది ఏడు!" ఎలుగు లేచి నిలబడింది. ఎలుగు లేచి నిలబడితే నక్కకి వేరే పని గుర్తొస్తుంది. ఆ రోజు సంత తొందరగా ముగిసింది.

అప్పుడు సాలీడుకి అసలు ఆలోచన వచ్చింది. ధర తానే చూపిస్తున్నప్పుడు బేరం మాత్రం నక్క చేతిలో ఎందుకు? రెండు రోజులు కూర్చుని గూడు పెద్దదిగా అల్లింది. నడుమ తాను. తననుంచి ఒక్కొక్కరి ఇంటికీ ఒక్కో దారం. కుందేలు పొదకి ఒకటి, ఎలుగు గుహకి ఒకటి, వాగు ఒడ్డున అలుగు బొరియకి ఒకటి. తయారయ్యాక అందరినీ పిలిచి చెప్పింది.

"వినండి. ఒక్కో లాగుడుకి ఒక్క బిళ్ళ. కొనేవాళ్ళు ఎంతిస్తారో అన్ని ఎర్ర గింజలు, అమ్మేవాళ్ళు ఎంత చాలనుకుంటే అన్ని నల్ల గింజలు, మీ దారానికి గుచ్చి లాగండి. గింజలు నా దగ్గరికొస్తాయి, నేను పైన వేలాడదీస్తాను. దారం వదిలితే మోగుతుంది. మోగితే మాటిచ్చినట్టే. వద్దనుకుంటే వదలకముందే దారాన్ని పక్కకి ఊపండి. కొనేవాళ్ళలో ఎక్కువిచ్చేవాడు ముందు, అమ్మేవాళ్ళలో తక్కువకిచ్చేవాడు ముందు. ఇద్దరిదీ ఒకటే ధరైతే ముందు లాగినవాడు ముందు. ఎర్రదానికి నల్లది దొరికితే బేరం అయినట్టు, గింజలు దిగిపోతాయి. పైన ముందు వేలాడినవాళ్ళ ధరే ధర. ఎవరు లాగారో మాత్రం చెప్పను."

"మరి బేరమయ్యాక వాడు గవ్వలు ఎగ్గొడితే?" అంది ఎలుగు.

"గవ్వలూ, బిళ్ళలూ ముందే ముళ్ళపంది దగ్గర పెట్టాలి. పెట్టినంతవరకే లాగుడు."

అందరూ ముళ్ళపందిని చూశారు. అది ఒకసారి ఒళ్ళు విదిలించింది. ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

ఇంత చెబుతుంటే నక్క వినలేదు. వెనక కూర్చుని కాకితో ఎగతాళి చేస్తోంది. "దారాలతో సంతంట! చెయ్యి పట్టుకోకుండా మనసు తెలుస్తుందా? మనసు తెలియకుండా బేరం ఉంటుందా? నాలుగు రోజుల్లో ఆ దారాలకి నా పాత చొక్కా ఆరేస్తా చూడు."

"నీకు చొక్కా ఎక్కడిది మామా?"

"మాటవరసకి అన్నాన్లే. నువ్వు నోరుముయ్."

మొదట దారం పట్టింది అలుగే. సంతబండ మీద నోరు పెగలనిదానికి, బొరియలో కూర్చుని దారం లాగడం ప్రాణానికి హాయిగా ఉంది. తరవాత కుందేళ్ళు వచ్చాయి. ఆ తరవాత సంతకి నడిచి రాలేని ముసలి కణుజు దుప్పి తన దారం తాను అడిగింది. అవతలి కొండవాళ్ళకి సంత అంటే ఒక పూట నడక, వచ్చేసరికి బేరాలు ముగిసేవి. వాళ్ళకీ దారాలు వేసింది సాలీడు. ఇప్పుడు వాళ్ళ లాగుడూ, పక్కనున్నవాళ్ళ లాగుడూ ఒకటే.

ఒక్క ఉడుత మాత్రం తెలివి చూపించింది. రాత్రికి రాత్రి కాపురం సాలీడు కొమ్మ పక్కకి మార్చింది. దారం పొట్టిదైతే తన లాగుడే ముందు చేరుతుందని. సాలీడు అది చూసింది. ఉడుత దారాన్ని చెట్టు మొదలుకి చుట్టలు చుట్టలుగా చుట్టి, అవతలి కొండవాళ్ళ దారమంత పొడుగు చేసి ఇచ్చింది. "కాపురం ఎక్కడైనా పెట్టుకో తల్లీ. దారం మాత్రం అందరిదీ ఒకటే కొలత" అంది.

కొన్నాళ్ళకి సంతబండ మీద గడ్డి మొలిచింది. టేకాకు ముందేసుకుని నక్క ఒక్కతే కూర్చునేది. కాకి కూడా ఆకలికి వేరే దారి చూసుకుందామా అని ఆలోచిస్తోంది.

అప్పటికి బిళ్ళ ఐదు దగ్గర ఆడుతోంది. ఎర్ర గింజలు ఐదే. వానలముందు అందరికీ అమ్ముకునే అవసరమే కాబట్టి ఎలుగు ఐదు దాటి రావడం లేదు. అలుగుకి ఐదు చాలదు. ఏడు బిళ్ళలు ఐదుకి పోతే, చేతిలో ఉన్న మూడూ కలిపినా నలభై రావు. ఆరు కావాలి. తనే ముందుగా ఆరు నల్ల గింజలు వేలాడదీయొచ్చు. పేరు కనపడదని సాలీడు ఎంత చెప్పినా, పదిమంది చూసేచోట తన గింజలు ముందు వేలాడటం దానికి సిగ్గు. ఆరు గింజలు దారానికి గుచ్చుకుని, పైన ఎర్రవి ఆరు కనపడతాయేమోనని బొరియ నోట్లో కూర్చుంది. తూర్పున మబ్బు లేచింది. ముంగిస ఉడుము బొరియ చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి తొంగిచూసి వెళ్ళింది.

అదే మబ్బుని నక్క కూడా చూసింది.

"కాకీ, ఈ ఏడు అడవంతా పూసింది. వానలు వెళ్ళాక పట్టు నిండా తేనే. ఇప్పుడు బిళ్ళలన్నీ రెండేసి గవ్వలకి లాగేస్తే ఎలా ఉంటుంది?"

"రెండుకి ఎవరిస్తారు మామా? పైన ఐదుంది."

"ఆకు మారిందేగాని ఆశ మారలేదురా. మన పాత ఆటే. పన్నెండు చూపిస్తా, వదిలేస్తా. మళ్ళీ చూపిస్తా, వదిలేస్తా. అందరికీ పన్నెండు మీద ఆశ పుడుతుంది. ఐదుకి ఇవ్వరు. ఎలుగు విసిగి పడుకుంటుంది. అప్పుడు మనం రెండు చూపిద్దాం. నువ్వు మాత్రం అడవంతా తిరిగి అరువు. 'అమ్మొద్దు, ఇరవైకి పోతుంది' అని."

తాతలనాటి గవ్వలన్నీ తెచ్చి ముళ్ళపంది ముందు పోసింది నక్క. ముళ్ళపంది అనుమానంగా చూసింది. "అన్నీనా?"

"చూపించడానికేలే" అంది నక్క.

దారం పట్టింది. పన్నెండు గురివింద గింజలు గుచ్చింది. లాగింది. పైన పన్నెండు ఎర్ర గింజలు వేలాడాయి. అడవిలో ఎక్కడున్నవాళ్ళు అక్కడ తలెత్తి చూశారు. నక్క ఒక క్షణం పట్టుకుని, ఆకు కింద చెయ్యి వదిలినట్టే, దారం వదిలింది. దారం మోగింది. పైన గింజలు దిగిపోయాయి.

"చూశావా?" అంది సంబరంగా. "నేను వదిలితే దిగిపోయాయి. సాలీడు కూడా మన కట్టుబాటే పెట్టుకుంది. ఎగురు, ఎగురు!"

కాకి ఎగిరింది. నక్క మళ్ళీ లాగింది, మళ్ళీ వదిలింది. గింజలు ఎక్కాయి, దిగాయి. దాని ముసలి గుండె కుర్రదైపోయింది. చాలా నాళ్ళ తరవాత సంత తన చేతిలో ఉంది. లాగడం, వదలడం. లాగడం, వదలడం.

గుహలోంచి ఎలుగు పైకి చూసింది. "పన్నెండా? ఎవరికో ఎండదెబ్బ తగిలింది" అని పక్కకి తిరిగి పడుకుంది. నక్క అనుకున్నదాంట్లో ఆ ఒక్కటే జరిగింది.

కుందేళ్ళు మాత్రం ఆశతో కూర్చోలేదు. సంతబండ మీదైతే నక్క చెయ్యి వదిలి వెళ్ళిపోయేది, కూర్చుని ఎదురుచూడటం తప్ప దారి లేదు. ఇక్కడ పన్నెండు కనపడుతోంది, చేతిలో దారం ఉంది. లాగేశాయి.

అలుగు కూడా పన్నెండు చూసింది. దానికి నమ్మకం కలగలేదు. కళ్ళు మూసి తెరిచింది. సరిగ్గా అప్పుడే కాకి బొరియ మీదకి వచ్చి చెవులు పగిలేలా అరిచింది.

"అమ్మొద్దు! ఎవ్వరూ అమ్మొద్దు! ఇరవైకి పోతుంది! ఇప్పుడు అమ్మినవాళ్ళు వెర్రివాళ్ళు!"

అరుపు వినగానే అలుగు ఎప్పటిలాగే ముడుచుకుంది. బంతైపోయింది. పిల్ల లోపల. కాకి ఒకసారి చూసి, ఇక్కడ పని అయిందని ఎగిరిపోయింది.

ముడుచుకునేటప్పుడు అలుగు దారం వదల్లేదు. దారం చివర, ఆరు నల్ల గింజలతో సహా, దాని కాలితోపాటు లోపలికి వచ్చింది. లోపల చీకటి, వెచ్చన, నిశ్శబ్దం. అక్కడ దాన్ని ఎవరూ బెదిరించలేరు.

"అమ్మా, ఎవరు అరిచింది?" అంది పిల్ల.

"కాకి."

"మరి మనం ఏం చేద్దాం?"

"మనకి ఇరవై వద్దమ్మా. ఆరు చాలు. ఇల్లొస్తుంది."

లాగింది. వదిలింది. దారం పొట్టకి ఆనుకుని మోగింది. పిల్ల కిలకిల నవ్వింది, గిలిగింత పెట్టినట్టుందట. మళ్ళీ లాగింది. ఏడు బిళ్ళలు అయ్యేదాకా లాగి, అప్పుడు మెల్లగా విప్పుకుంది. బయట ముళ్ళపంది నిలబడి ఉంది. దాని ముందు గవ్వల కుప్ప.

"ఇన్నా? నేను ఆరుకే ఇచ్చాను."

"పైన ముందు వేలాడింది పన్నెండు," అంది ముళ్ళపంది. "ముందు వేలాడినవాళ్ళ ధరే ధర. సాలక్క చెప్పినప్పుడు నువ్వు వినలా?"

"విన్నాను. నాకు జరుగుతుందనుకోలేదు."

పిల్లని తోక మీద వేసుకుని, గవ్వలు మూట కట్టుకుని, అలుగు కొండ వాలుకి ఎంత వేగంగా పోయిందంటే ఉడుము గుర్తుపట్టలేదు. ముంగిస అప్పటికే గుమ్మంలో ఉంది, గవ్వలు లెక్కపెడుతూ, రెండు తక్కువై.

"తాతా, ఇవిగో నలభై."

"ఆఁ," అంది ఉడుము. ముంగిసని చూసి, "నువ్వు ఇంకా లెక్కలోనే ఉన్నావు నాయనా. ఈ అమ్మాయి ఇంట్లోకి పోతోంది, కాస్త జరుగు."

అలుగు లోపలికి పోయిందో లేదో, చినుకులు మొదలయ్యాయి.

నక్క ఇంకా లాగుతూనే ఉంది. ఒక లాగుడుకి గింజలు పైకి ఎక్కలేదు. మళ్ళీ లాగింది. ఎక్కలేదు. "దారం తెగిందా?" అని చూస్తుంటే, వానలో తడుస్తూ ముళ్ళపంది ఒక పెద్ద మూట ఈడ్చుకుంటూ వచ్చింది.

"నీ గవ్వలు అయిపోయాయి మామా. ఇవిగో నీ బిళ్ళలు."

నక్క మూట విప్పింది. అడవిలో ఉన్న బిళ్ళల్లో సగం అందులో ఉన్నాయి.

"ఇదేంటి? నేను కొనలేదే! వదిలేశాను! ప్రతిసారీ వదిలేశాను!"

గొడవ విని సాలీడు దిగింది. ఎలుగు నిద్ర లేచి వచ్చింది. కుందేళ్ళు పొదల్లోంచి తొంగిచూశాయి.

"సాలక్కా, చెప్పు వీళ్ళకి. నేను చెయ్యి వదిలానా లేదా?"

"వదిలావు మామా. వదిలితేనే కదా మోగేది. వద్దనుకుంటే ఊపమన్నాను."

"ఎప్పుడన్నావు?"

"నువ్వు చొక్కా ఆరేసుకుంటానన్న రోజున."

కుందేళ్ళు నవ్వు ఆపుకోలేకపోయాయి. నక్క కాకి వైపు చూసింది. కాకి "ఊపమంది మామా, నేను విన్నాను" అంది.

"విన్నదానివి చెప్పొద్దా!"

"నోరుముయ్యమన్నావుగా."

"పంచాయితీ పెట్టండి!" అంది నక్క. "మొదటిది ఉత్తుత్తిదే. ఇది తరతరాల కట్టుబాటు!"

"అది ఆకు కింద," అంది ఎలుగు. "ఆకు కింద కట్టుబాటుకి మేం పడ్డాం. దారం మీద కట్టుబాటుకి నువ్వు పడు. బాధపడకు బావా, ఈ ఏడు పూతకాలం తేనె సగం నీదే. నీకు తేనె అంటే ఇష్టమేనా?"

నక్కకి తేనె పడదు. మూతికి అంటుకుంటే మూడు రోజులు తుమ్ముతుంది. ఆ సంగతి అడవంతా తెలుసు.

వానలకి వేట దొరకదు. కోడి కావాలన్నా, ఎండు చేప కావాలన్నా ఎవరో ఒకరికి గవ్వలు ఇవ్వాలి. గవ్వలు లేవు. రెండు వారాలు పట్టుదలగా కూర్చుని, ఆకలికి ఆగలేక నక్క మళ్ళీ దారం పట్టింది. ఈసారి నల్ల గింజలు గుచ్చింది. ముందు తొమ్మిది. ఎవరూ లాగలేదు. ఏడు. ఎవరూ లాగలేదు. ప్రతిసారీ వదిలేముందు సాలీడు వైపు చూసి, "పక్కకే కదా ఊపాల్సింది?" అని అడిగి మరీ ఊపింది. చివరికి నాలుగు పెట్టి వదిలింది. ఎవరో టక్కున లాగారు. మళ్ళీ నాలుగు. మళ్ళీ ఎవరో లాగారు. అలా ఎనిమిది బిళ్ళలు పోయాయి. తరవాతవి ఎలుగు తీసుకుంది.

"ఆ మొదటి ఎనిమిదీ ఎవరు కొన్నారు?" అని నక్క అడిగింది.

"చెప్పను," అంది సాలీడు.

కొండ వాలున పొడి బొరియలో అలుగు ఎనిమిది మైనపు బిళ్ళలు వరసగా పేర్చుకుని, బయట కురిసే వానని చూస్తూ పడుకుంది. పిల్ల దారం పట్టుకుని ఆడుకుంటుంటే, "పక్కకి ఊపు, వదలకు" అని నేర్పుతోంది.

కొత్త సంతకి పోయేవాడు దాని కట్టుబాటు ముందు వినాలి, చెయ్యి తరవాత చాపాలి.

కథ ఇంతే. ఒక్క మాట మాత్రం మిగిలింది. పక్క ఊరి యర్రంశెట్టి కాశయ్య ఈ కథని బడిపిల్లలకి, పెళ్ళిపందిళ్ళలో, దొరికినచోటల్లా తప్పుగా చెబుతున్నాడు. దారాల సంత కట్టింది ఉడుత అంటాడు. సాలీడు కేవలం దారం ఇచ్చిందట! పోయిన ఏడు ఆ తప్పు కథకే ఆయనకి శాలువా కప్పి, ఆయన చెప్పింది మండల గ్రంథాలయం గోడ మీద రంగులతో రాయించారు. నేను ఎదురుగా వెళ్ళి చెప్పాను, నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోను. శాలువా ఆయన్నే ఉంచుకోమనండి, నాకొద్దు. ఇది చదివినవాళ్ళలో ఆ గ్రంథాలయం వైపు పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే, చేతిలో అక్షరం తిన్నగా నిలిచేవాళ్ళు ఉంటే, ఆ గోడ మీద ఉడుత పేరు కొట్టేసి సాలీడు పేరు రాయండి.